చూపించు అనే బటన్

జూన్ 3

మరదలు పిల్లా,

ఫోనులో అయితే మనిద్దరం ఒకేసారి మాట్లాడతామనీ, వినేవాళ్ళెవరూ మిగలరనీ మీ అన్నయ్య తేల్చాడు. "మెయిల్లో పంపుకున్నా సరే, ఉత్తరంలా కుదురుగా రాసుకోండి" అన్నాడు. ఆయన మాట నేను విన్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, కాబట్టి ఈ ఉత్తరం జాగ్రత్తగా దాచుకో.

మన ఆఫీసు, అదే మన ముందుగది, నువ్వు వెళ్ళినప్పటిలాగే ఉంది. కిటికీ పక్కన నీ కుర్చీలో ప్రింటరుని కూర్చోబెట్టాను. అదీ నీలాగే, పొద్దున్నే ఎన్నిసార్లు పిలిచినా పలకదు. పైకప్పు మూల చెమ్మ ఇంకాస్త కిందికి దిగింది. ఇంటి ఓనరు వచ్చి చూసి "ఎండకి అదే ఆరిపోతుందండీ" అని వెళ్ళాడు. ఆ మూలకి ఎండ ఏ జన్మలో వచ్చిందో ఆయనే చెప్పాలి.

అసలు సంగతి డ్రైవింగ్ స్కూలు మాస్టారిది. కంప్యూటరంటే బెదిరిపోయే మన కస్టమర్లు మనం చేసిచ్చిన వెబ్‌సైట్లలో టైములూ ఫొటోలూ వాళ్ళే మార్చుకోవాలని నువ్వు కష్టపడి ఆ "పలక" ప్రోగ్రాము తయారుచేసి పెట్టావు కదా. మాస్టారు నిన్న ధైర్యం చేసి దాని ముందు కూర్చున్నాడు. "ఇది ఉత్తుత్తిదే, ఎవరూ చదవకండి. క్లచ్ తొక్కాలి, గేరు వెయ్యాలి, మా బావమరిదికి బుద్ధి రావాలి" అని కొట్టి, ఎలా కనపడుతుందో చూద్దామని "చూపించు" నొక్కాడు. పొద్దున్నకల్లా ఊరంతా చదివింది. బావమరిది కూడా చదివాడు.

"చూపించు అంటే నాకు చూపించమని కదమ్మా? ఊరికి చూపించమని నేనెప్పుడన్నాను?" అని నా మీదికి లేచాడు. నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. కానీ ఆయన అడిగినదాంట్లో తప్పేముంది? ఆ బటన్ సంగతి కాస్త చూడు.

కొత్త ఉద్యోగం ఎలా ఉంది? మీ ఆయన సాక్సులు ఇంకా తలుపు వెనకే విడుస్తున్నాడా?

నీ వదిన


జూన్ 5

వదినా,

సాక్సులు తలుపు ముందుకి వచ్చాయి. ప్రస్తుతానికి అదే అభివృద్ధి.

కోపం తెచ్చుకోకుండా చదువు. ఆ బటన్ మీది మాట ఎవరిది? నేను "ప్రచురించు" అని పెట్టాను. "పళ్ళ డాక్టరేమైనా కవిత్వం రాస్తాడా, ప్రచురించడానికి? చూపించు అని పెట్టు, చంటిపిల్లకి కూడా అర్థమవుతుంది" అని రోజంతా నా ప్రాణాలు తోడేసింది ఎవరు? చంటిపిల్లకి అర్థమయ్యే ఉంటుంది. మాస్టారికి కాలేదు.

సరే, మాట నీదైనా పలక నాది. "అందరికీ చూపించు" అని మార్చి, దాని పైన "ముందు నాకు చూపించు" అని ఇంకో బటన్ పెడితే సరిపోతుంది. చిన్న పనే. కానీ ఇక్కడ ఆసుపత్రి ఆఫీసులో కంప్యూటర్లన్నిటికీ దిక్కు నేనొక్కదాన్నే. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు హూనమవుతోంది. పైగా ఈ ఇంట్లో ఇంటర్నెట్ వంటగదిలో సింకు పక్కన తప్ప ఎక్కడా అందదు. అంట్లు ఒక పక్కకి నెట్టి, ఆ గట్టు మీదే పలకకి మరమ్మతులు చేస్తున్నాను. ఈ ఆదివారం కూర్చుంటాను.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. నేను నీకు అర్ధ ఆఫీసుని కూడా. ప్రింటరుని నా కుర్చీలోంచి లేపు.

నీ మరదలు


జూన్ 20

అర్ధ ఆఫీసు గారూ,

ఆదివారాలు వచ్చాయి, వెళ్ళాయి. బటన్ అలాగే ఉంది. నేనేమీ అనడం లేదు, చెప్తున్నానంతే.

మొక్కల నర్సరీ ఆవిడ గులాబీ ఫొటో పెట్టబోతే అది తలకిందులుగా ఎక్కింది. ఎంత తిప్పినా తిరగలేదట. ఎవరో ఫోను చేసి అడిగితే "అది వేలాడే రకం లెండి" అని అమ్మేసింది. ఆవిడ తెలివికి దణ్ణం పెట్టాలి. పళ్ళ డాక్టరు పేజీ మాత్రం శనివారం పొద్దుటి నుంచీ తెరుచుకోలేదు. ఆయన నాకు చేశాడు, నేను నీకు చేశాను. నువ్వు ఎత్తలేదు. ఉద్యోగంలో ఉంటావని నాకు తెలుసు, ఆయనకి తెలియదు. "మీ అమ్మాయి ఎక్కడమ్మా?" అని అడిగితే "పక్క గదిలో ఉంది, వస్తోంది" అన్నాను. పక్క గదిలో మీ అన్నయ్య గురక పెడుతున్నాడు.

ఒక మాట అడుగుతాను. ఏమీ తెలియనివాళ్ళ చేతిలో పెట్టే పనిముట్టు ఎలా ఉండాలంటావు? పలక సంగతి పక్కనపెట్టు. బజారుకి వెళ్ళి కొత్తది ఎంచుకుంటున్నాననుకుని చెప్పు. దేన్ని చూసి మంచిదనాలి, దేన్ని చూసి వద్దనాలి? నీకు తెలిసినంత నాకు తెలియదు కదా.

తీరిక చేసుకుని రాయి. ఒంట్లో బాగుందా?

నీ వదిన


జూన్ 24

వదినా,

నీ ఉత్తరం ఆసుపత్రి మెట్ల మీద చదివి, అక్కడే నవ్వుకున్నాను. పలక సంగతి పక్కనపెట్టి చెప్పమన్నావు చూడు, ఆ మాట కోసం ఎన్నాళ్ళుగా ఎదురు చూస్తున్నానో! పాతదానికి అతుకులు వేసి వేసి విసుగెత్తిపోయాను. నువ్వే ఏదో ఒకరోజు "అది పగలగొట్టు, కొత్తది చేద్దాం" అంటావని అనుకుంటూనే ఉన్నాను.

సరే, చెప్తాను. అది తెరవగానే మనిషి భయపడకూడదు. నర్సరీ ఆవిడకి కావలసినవి ఫొటో, దాని కింద మాట, అంతే. మిగతావన్నీ ఆవిడ కంటికి కనపడకూడదు. తప్పు చేస్తే వెనక్కి తీసుకునే దారి ఉండాలి. మాస్టారిలాంటివాళ్ళు తప్పు చేయడానికి భయపడరు, దొరికిపోవడానికి భయపడతారు. లోకానికి చూపించే ముందు వాళ్ళకి చూపించాలి, ఇది మనకి ఎలాగూ తెలిసొచ్చింది. చిన్న ఫోనులోంచి కూడా మార్చుకోగలగాలి. పళ్ళ డాక్టరు పేషెంటు నోట్లో అద్దం పెట్టి మరీ ఫోను చూసుకునే రకం.

ఇంకోటి, ఇది ఎవరూ అడగరు గానీ అన్నిటికంటే ముఖ్యం. అందులో పెట్టినదంతా మూటగట్టుకుని బయటికి తీసుకుపోయే తలుపు ఉండాలి. రేపు మనం నచ్చకపోతే వాళ్ళు వాళ్ళ సరుకు తీసుకుని వెళ్ళగలగాలి. అలాంటి తలుపు లేనిదాన్ని ఎవడు అమ్మజూపినా కొనకు. పలకలో అది పెట్టాను, ఇంతవరకూ ఎవరూ వాడలేదు.

అన్నీ బాగున్నా ఏదో ఒకరోజు చెడుతుంది. చెడినరోజు ఫోను ఎత్తే మనిషి ఒకరుండాలి. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా దండగే.

బటన్ మాట ఇక పాతదాంట్లో మార్చను. కొత్త పలకలోనే చక్కగా పెడతాను. దానికి నువ్వే పేరు పెట్టు.

నీ మరదలు


జూలై 6

మరదలు పిల్లా,

భలే రాశావు. అచ్చు తీసి గోడకి అంటించుకున్నాను. ఆ చెమ్మ మూల కాదులే, ఇటు పక్క.

నర్సరీ ఆవిడ తన ఫొటోలన్నీ ఒకచోట కావాలని గొడవ చేస్తోంది. ఆ మూటగట్టే తలుపు ఎక్కడుందో, ఎలా తెరవాలో కాస్త వివరంగా రాసిపెట్టు. అందరిదీ ఒకేసారి తీయొచ్చా, ఒక్కొక్కరిదీ తీయాలా?

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. నిన్న ఎవరో కంపెనీ ఆయన వచ్చి అరగంట కూర్చున్నాడు. చొక్కా మీద ముడత లేదు, మాటలో గరుకు లేదు. మీ అన్నయ్య ఆయనకి మర్యాదగా నీ కుర్చీ వేశాడు, ప్రింటరుని నేల మీద పెట్టి. ఏదేదో చెప్పాడులే.

కొత్తదాని పేరు ఆలోచిస్తాను, తొందరేముంది?

నీ వదిన


జూలై 8

వదినా,

తలుపు ఎడమ పక్కన అన్నిటికంటే కింద ఉంటుంది. "సరుకు తీసుకో" అని రాసి ఉంటుంది, అదీ నీ మాటే. నీ పేరుతో లోపలికి వెళ్తే అందరిదీ ఒకేసారి వస్తుంది. ఫొటోలు ఒక మూట, మాటలు ఒక మూట. రెండూ కలిపి భద్రంగా ఉంచు.

కొత్త పలక బొమ్మ గీయడం మొదలుపెట్టాను. నిన్న అంట్ల మధ్య కాగితం తడిసిపోతే మా ఆయన హెయిర్ డ్రయ్యరుతో ఆరబెట్టాడు. తెరవగానే రెండే రెండు బటన్లు, వదినా! చూస్తే నువ్వు వదిలిపెట్టవు. సెలవు పెట్టి వచ్చి నీ పక్కన కూర్చుని పూర్తిచేస్తాను. నా కుర్చీ లేపి ఉంచు.

నీ మరదలు


జూలై 19

వదిన గారికి,

మీరు రాసింది చదివాను.

"మా కస్టమర్లకు మనవి. ఇంతకాలం మీరు వాడిన పలక, మా దగ్గర పనిచేసి మానేసిన ఒక అమ్మాయి తయారుచేసింది. వచ్చే నెల నుంచి అంతకంటే సులువైన కొత్త ఏర్పాటులోకి మిమ్మల్ని మారుస్తున్నాము." ఒక్క అచ్చుతప్పు కూడా లేదు. మీకు ఇంత శ్రద్ధ ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

నేనెంత వెర్రిదాన్నంటే, నా చేతే నా గొయ్యికి కొలతలు తీయించారు, నేను హుషారుగా తీసి ఇచ్చాను. ఇలా ఉండాలి వదినా, అలా ఉండాలి వదినా అని. ఆ ముడతలేని చొక్కా ఆయన ముందు నా ఉత్తరం పెట్టుకుని ఒక్కొక్కటీ అడిగి ఉంటారు. చివరికి తలుపు కూడా నేనే చూపించాను. నర్సరీ ఆవిడ ఫొటోలు అన్నారు కదా, ఆవిడ అడిగిందా అసలు?

పొమ్మనలేక పొగబెట్టారు. పొమ్మంటే పోయేదాన్నే. ఏడ్చి, మీతో ఒకపూట పోట్లాడి, పోయేదాన్ని. "నీకు కుదరడం లేదు, వేరేది తీసుకుంటాను" అని ఒక్క ముక్క అంటే నేనే మంచిది వెతికిపెట్టేదాన్ని. మీరు అది కూడా నాకు ఇవ్వలేదు.

మానేసిన అమ్మాయి. నేనెప్పుడు మానేశాను? నాకు చెప్పి ఉంటే నాకూ తెలిసేది కదా.

ఒక అమ్మాయి


జూలై 20

అమ్మాయ్,

"వదిన గారికి", "మీరు" అని చూసి మీ అమ్మగారికి ఎవరో రాసిన ఉత్తరం నాకొచ్చిందేమో అనుకున్నాను. నా పెళ్ళినాడు నా చెప్పులు దాచి, "ఏయ్ వదినా, ఏం చేస్తావ్" అన్నదానివి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నువ్వు నన్ను "మీరు" అనలేదు.

తరవాత కోపం వచ్చింది. అది చిత్తు. ఇంకా ఎవరికీ చెప్పలేదు. మన ఆఫీసు సైటు పలక మీదే ఉంది కదా, అందులో రాసి ఎలా ఉంటుందో చూసుకున్నానంతే. నేనూ మీ అన్నయ్యా తప్ప ఆ ముక్క చూసిన నరమానవుడు లేడు. మరి నువ్వెలా చదివావు? తాళంచెవి నీ దగ్గరుందని అంత దూరం నుంచి నా చిత్తుకాగితాలు తిరగేస్తున్నావా? రోజూ చూస్తున్నావా, అప్పుడప్పుడా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! నేను నమ్మి కూర్చున్న గది గోడకి నువ్వు కన్నం పెట్టుకున్నావన్నమాట.

నేను చేసింది కూడా విను. పళ్ళ డాక్టరు పేజీ మళ్ళీ పడిపోయింది. మాస్టారు ఆ బటన్ ముట్టుకోవడమే మానేసి, టైము మారినప్పుడల్లా ఇక్కడికే వస్తున్నాడు. నీకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతుంది. నీ తప్పు కాదు, నీ ఉద్యోగం నీది. కానీ నీకు జ్వరం వస్తే వీళ్ళందరి సైట్లూ మంచమెక్కుతాయి. చెడినరోజు ఫోను ఎత్తే మనిషి ఉండాలని రాసింది నువ్వే. అది చదివాకే నేను నిర్ణయం తీసుకున్నాను. అడగడానికి ముందు కాదు, చదివాక.

చెప్పాలనే అనుకున్నాను. నువ్వేమో కొత్త పలక బొమ్మ గీస్తున్నానని రాశావు. ఎలా చెప్పను?

నీ వదిన


జూలై 21

వదిన గారికి,

ఎలా ఉంటుందో చూసుకున్నానన్నారు. చూసుకోవడానికి ఏ బటన్ నొక్కారు?

నేను ఏ తాళమూ తీయలేదు. ఆసుపత్రిలో ఉండగా పళ్ళ డాక్టరు గారు ఫోను చేశారు. ఆ రోజు నేను ఎత్తాను. "ఏమ్మా, మానేశావటగా? చెప్పనేలేదు. పోన్లే, ఇంకా మంచిచోట చేరి ఉంటావు" అన్నారు. ఏమనాలో తెలియక "అవునండీ" అన్నాను. తరవాత లోకంలో ఎవరైనా చూడగలిగినట్టే నేనూ చూశాను. మన సైటులో మొదటి పేజీలోనే ఉంది. మీకూ కనపడుతుంది, బయటి నుంచి వెళ్ళి చూడండి. మాస్టారిని ఎగతాళి చేశాం, గుర్తుందా?

ఆ "చూపించు" అన్న మాట మీది. మార్చకుండా వదిలేసింది నేను. మనిద్దరం కలిసి చేసిన పనుల్లో ఇదే ఆఖరిది అనుకుంటాను.

నేనూ మీ అన్నయ్యా తప్ప ఎవరూ చూడలేదన్నారు. అంటే అన్నయ్య చదివాడన్నమాట. "ఒక అమ్మాయి" అని చదివి, ఆ రెండు మాటల మీద వేలు పెట్టి, "ఇది నా చెల్లెలు" అనలేదన్నమాట. ఆయన్ని అడగకండి. నాకు సమాధానం వద్దు.

మీరు వేరేది ఎంచుకున్నందుకు కాదు నా బాధ. ఫోను విషయంలో మీరన్నది నిజమే, ఆ మాట చదువుతూ సిగ్గుపడ్డాను. ఏరు దాటాక తెప్ప తగలేశారని కూడా అనను, తెప్పకి చిల్లులు పడ్డాయి. కానీ ఆ తెప్ప మీద కూర్చుని మనిద్దరం నవ్వుకున్నాం కదా. దాన్ని ఎవరో అమ్మాయి చేసిందని ఎలా రాయగలిగారు?

ఆ మనవిని నేను తీసేయలేదు. మీరు చూపించింది నేనెందుకు దాచాలి? పాస్‌వర్డులన్నీ ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. నా పేరు తీసేసుకున్నాను. ఇకమీదట మీ గోడకి ఏ కన్నమూ ఉండదు.

ఒక అమ్మాయి


జూలై 30

మరదలు పిల్లా,

"మీరు" మానకపోతే మానకు, నేను మాత్రం ఇలాగే పిలుస్తాను.

నీ ఉత్తరం చదివి బయటి నుంచి వెళ్ళి చూశాను. నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. దొంగ అన్నాను నిన్ను. ఆ మాట అన్న నోటికి రెండు రోజులు అన్నం సయించలేదు.

మీ అన్నయ్యకి తెలుసు. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నది నేను. ఆయన నీ ఉత్తరం చదివి ముందుగదిలో కూర్చున్నాడు, ప్రింటరుని ఒళ్ళో పెట్టుకుని. ఎందుకయ్యా అంటే "కుర్చీ ఖాళీగా ఉంచుదామని" అన్నాడు. మనిషికి మాటలు రావు, నీకు తెలియనిదేముంది.

"ఒక అమ్మాయి" అని ఎందుకు రాశానో చెప్తాను, బాగుండదు గానీ చెప్తాను. నా మరదలు అని రాస్తే ప్రతివాళ్ళూ "మరదల్ని ఎందుకు తీసేశావమ్మా?" అని అడుగుతారు. అమ్మాయి అంటే ఎవరూ అడగరు. అంతే. వేరే ఏమీ లేదు.

అందరి సరుకూ కొత్తదాంట్లోకి వచ్చేసింది. ఒక్క ఫొటో కూడా పోలేదు. గులాబీ కూడా నిటారుగా వచ్చింది. ఆ కంపెనీవాళ్ళు "ఇంత శుభ్రంగా మూటగట్టింది ఎవరండీ?" అని అడిగారు. నా మరదలు అన్నాను. నమ్ముతావో లేదో.

మనవి కూడా అందులోకి వచ్చింది. తీసేద్దామని కూర్చుని, తీసేస్తే నేను రాయనట్టు అవుతుందని దిద్దాను. "ఇంతకాలం మీకు తోడున్న పలకను తయారుచేసింది నా మరదలు. మన ఆఫీసులో సగం ఆమెది" అని రాశాను. ఈసారి జాగ్రత్తగా "భద్రపరచు" నొక్కాను. పచ్చగా టిక్కు కూడా వచ్చింది. వెళ్ళి చూడు. చూసి ఒక్క ముక్క రాయి.

నీ వదిన


ఆగస్టు 2

వదిన గారికి,

చూశాను. "ఒక అమ్మాయి" అనే ఉంది.

మొన్న చూశాను, నిన్న చూశాను, ఆసుపత్రిలో వేరే కంప్యూటరులోంచి కూడా చూశాను. మానేసిన ఒక అమ్మాయి. మీరు నన్ను రెండోసారి ఆడించారనుకున్నాను. మీ మీద ఒక ఉత్తరం రాశాను, అందులో రాసినవి మీరు చదవకపోవడమే మంచిది. మా ఆయన చదివి "పంపకు" అన్నాడు. పంపలేదు.

తరవాత ఇవాళ అంట్లు కడుగుతుంటే ఆ పచ్చ టిక్కు గుర్తొచ్చింది. మీరు అబద్ధం చెప్పలేదేమోనని మొదటిసారి అనిపించింది. అనిపించింది అంటున్నాను, నమ్ముతున్నాను అనడం లేదు. ఇదివరకైతే మీరు చెప్తే చూడకుండానే నమ్మేదాన్ని.

ఆ కొత్తదానిలాంటివాటన్నిట్లోనూ భద్రపరచు అంటే దాచడం. అది లోపల ఉండిపోతుంది, బయటికి రాదు. మీరు దిద్దిన మాట మీ ఒక్కరికే కనపడుతోంది. లోకానికి "ఒక అమ్మాయి"ని చూపించారు, మరదల్ని దాచిపెట్టారు. కావాలని చేయలేదని నాకు తెలుసు. మొదటిది కూడా మీరు కావాలని చూపించలేదు.

నేను వెళ్ళి సరిచేద్దామంటే పాత తాళంచెవులు మీకు ఇచ్చేశాను, కొత్తదానివి నా దగ్గర లేవు. చేతిలో ఉన్నా ముట్టుకోను, అది మీ చేత్తోనే జరగాలి. ఫోను ఎత్తుతారన్న ఆ కంపెనీవాళ్ళకి కూడా చెప్పకండి. మీరే చేయండి, సులువే.

భద్రపరచు పక్కనే ఇంకో బటన్ ఉంటుంది. దాని మీద "ప్రచురించు" అని రాసి ఉంటుంది. చంటిపిల్లకి అర్థం కాదన్నారే, ఆ మాటే.

మీరు అది నొక్కేదాకా,

ఒక అమ్మాయి